కరెంటు లేని కచేరీ

సోదరీమణులారా! ఈ నెల మా ముచ్చట వంటింటిని గూర్చి గాదు, కచేరీని గూర్చి. కచేరీతో మాకేమి పని యని పుట త్రిప్పివేయకుడు. తెనాలిలో గాని, బాపట్లలో గాని, రేపల్లెలో గాని, ఉదయము తొమ్మిది గంటలకు అన్నపు డబ్బా సంచిలో పెట్టుకొని ఉద్యోగమునకు బోవు కూతురో కోడలో లేని వీధి నేడరుదు. ఉద్యోగము చేయనివారు సైతము పింఛనుకో, తపాలా కచేరీ పొదుపు ఖాతాకో, పిల్లవాని కులధ్రువపత్రమునకో అప్పుడప్పుడు ఆ గడప త్రొక్కక తప్పదు. కావున కచేరీలో కరెంటు పోయి, దానితోపాటు నెట్వర్కును పోయిన పూట అచ్చటివారు కాల మెట్లు గడపుచున్నారో, ఎట్లు గడపిన బాగుండునో విచారించుట మనకు దగిన పనియే.

ఈ మూడూళ్లలో కరెంటు పోవుటకు ఏ ఊరి కారణము ఆ ఊరిది. తెనాలిలో వేసవి మధ్యాహ్నము ప్రతి యింట చల్లని గాలి యంత్రములు తిరుగుటచే భారము పెరిగి ట్రాన్స్‌ఫార్మరు మొరాయించును. బాపట్లకు సూర్యలంక సముద్రము పది కిలోమీటర్ల లోపుననే యున్నది. ఆ యుప్పుగాలి తీగలను, ఇనుపసామానును కొరికివేయును. రేపల్లె కొక ప్రక్క కృష్ణ, మరియొక ప్రక్క సముద్రము. తెనాలి నుండి వేమూరు, భట్టిప్రోలు మీదుగా వచ్చు రైలుపట్టాలు రేపల్లెలో ముగిసినట్లే, ఆ ఊరి సౌకర్యములును అన్నిటికంటె చివర వచ్చి, అన్నిటికంటె ముందు పోవుచుండును.

ఇక తుఫానుల మాట చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి యుప్పెన దివిసీమను ముంచి, రేపల్లె, బాపట్ల తీరములను సైతము కలచివేసినప్పుడు తంతి, టెలిఫోను తీగలు తెగి, జరిగిన ఘోరము బయటి లోకమునకు దెలియుటకే కాలము పట్టినది. 2010 మే 20వ తేదీన లైలా తుఫాను బాపట్ల చెంతనే తీరము దాటినది. 2023 డిసెంబరు 5వ తేదీ మధ్యాహ్నము మిచౌంగ్ తుఫాను గంటకు 90 మొదలు 100 కిలోమీటర్ల వేగముగల గాలితో మరల బాపట్లకు దక్షిణముననే నేలమీదికి వచ్చినది. 2024 సెప్టెంబరు మొదట ప్రకాశము బ్యారేజి నుండి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చినప్పుడు రేపల్లె, భట్టిప్రోలు, కొల్లూరు లంకపల్లెలు నీట నానినవి. అట్టి దినములలో కాలక్షేప మను మాటయే తగదు. అప్పుడు కచేరీవారు లాంతరు వెలుగున పునరావాస కేంద్రములకు వచ్చిన కుటుంబముల పేర్లు వ్రాసికొనుచు, బియ్యము లెక్క చూచుకొనుచు, రాత్రులు సైతము పని చేయుదురు. మేము చెప్పబోవునది ఆ మహా విపత్తులను గూర్చి గాదు. గాలి లేదు, వాన లేదు. అయినను ఉదయము పదునొకండు గంటలకు పంకా నిలిచిపోయి, మూడు గంటలవరకు తిరుగని సామాన్యమైన దినములు కలవు గదా, వానిని గూర్చి.

కరెంటు పోయినంత మాత్రమున నెట్వర్కు పోనేల యని కొందరడుగవచ్చును. మన వీధి సెల్ టవరు క్రింద బ్యాటరీ లుండును. కొన్నిచోట్ల డీజిలుతో నడచు జనరేటరు కూడ నుండును. బ్యాటరీలు కొన్ని గంటలు మోయును. అవి యుడిగి, డీజిలు పోయువాడు రాకున్న టవరు మూగవోవును. కచేరీలోనికి వచ్చు సన్నని గాజుతీగ చివర నుండు చిన్న పెట్టెకును కరెంటే ప్రాణము. పూర్వపు తీగ టెలిఫోను అట్లు గాదు. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుండి ఆ తీగ వెంటనే దానికి కావలసిన కొద్దిపాటి విద్యుత్తు వచ్చెడిది. కావున ఇంట దీపము లేకున్నను టెలిఫోను మ్రోగెడిది. తంతి కచేరీ సైతము బ్యాటరీల యాధారముతోనే టిక్కు టిక్కుమని వార్త పంపెడిది. ఆ తంతి 2013 జులైలో మన దేశమున శాశ్వతముగా ముగిసినది. నేటి సాధనములు వేయి రెట్లు వడి గలవి, నిజమే. కాని అన్నియు ఒకే దీపపు వత్తికి ముడిపడి యున్నవి. ఆ వత్తి మలిగిన అన్నియు ఒక్కసారిగా మలుగును.

పూర్వము కచేరీ పని కాగితము మీది పని. కిటికీ వెలుగు, సిరాబుడ్డి యుండిన పని జరిగెడిది. మన రాష్ట్రమున రిజిస్ట్రేషను కచేరీలు 1998 నుండి కంప్యూటర్ల పాలైనవి. తపాలా కచేరీలలో పొదుపు ఖాతాల లెక్క పెద్ద పుస్తకము నుండి సర్వరులోనికి బోయినది. 2019 అక్టోబరు 2వ తేదీన మొదలైన గ్రామ, వార్డు సచివాలయములు పుట్టుటయే కంప్యూటరుతో పుట్టినవి. వ్రేలిముద్రయో, ముఖమో యంత్రమునకు చూపి, అది ఔనని తల యూపినగాని పని సాగదు. దీనివలన కలిగిన మేలు చిన్నది గాదు. మధ్యవర్తుల బెడద కొంత తగ్గినది. ఒకచోటి కాగితము మరియొకచోట క్షణములో కానవచ్చుచున్నది. అయితే ఆ మేలుతో వచ్చిన లోప మేమన, కరెంటు పోయిన నాడు గుమాస్తా చేతికి పని లేకపోవుట.

పని లేని చేతు లేమి చేయుచున్నవో చూతము. మగవారు మొదటి పావుగంటలోనే లేచి, వీధి మొదటి టీ దుకాణమునకు బోవుదురు. అచ్చట రాజకీయములు, పొలముల ధరలు, పిల్లల చదువుల ఖర్చులు చర్చకు వచ్చును. ఇన్వర్టరు కూతతో నుండిన కొద్దిపాటి శక్తియు అరగంటలో ఉడుగును. పడుచువారు సెల్ ఫోనులో ముందుగా దాచుకొన్న సినిమా కొంతసేపు చూచి, బ్యాటరీ తరుగుట గమనించి మానుదురు. స్త్రీలు కుర్చీలు కిటికీ దగ్గరకు లాగుకొందురు. ఉదయము త్రోవలో కొన్న గోంగూర కట్ట విప్పి ఆకు త్రుంచువారు కొందరు, చిక్కుడుకాయల ఈనెలు తీయువారు కొందరు. మల్లెల కాలమైన మొగ్గల పొట్లము విప్పి నలుగురును తలకొక మూర దండ కట్టుదురు. చీటీ లెక్కలు తేలును. చీరలు వాయిదాలపై నిచ్చు పొరుగు సెక్షను వారి సంచి తెరవబడును. ఆవకాయలో ఆవపిండి పాలెంత యను వివాదము తీర్పు లేకయే మరుసటి కరెంటు కోతకు వాయిదా పడును.

ఇందులో తప్పు పట్టుటకు మేము సిద్ధముగా లేము. ఉద్యోగము చేయు స్త్రీ దినచర్య మీరెరుగుదురు. తెల్లవారుజామున లేచి వంట ముగించి, పిల్లలను బడికి సాగనంపి, అత్తమామలకు మధ్యాహ్నపు అన్నము మూతపెట్టి, రైలో బస్సో అందుకొని కుర్చీలో గూర్చున్న దాదిగా ఆమెకు తనదను గడియ లేదు. ఇల్లు చేరిన పిమ్మట అసలే లేదు. కరెంటు పోయిన ఆ గంటయే ఆమెకు దినములో ఎవరును ఏమియు అడుగని గంట. ఆ గంటలో ఆమె కిటికీలోనుండి వీధి చూచుచు ఊరక కూర్చున్నను మేము సంతోషింతుము. స్త్రీలు నలుగురు కూడినచోట కేవలము కబుర్లే సాగునని యెంచుటయు పొరపాటు. బాపట్లలో పుట్టి, గృహలక్ష్మి పత్రికలో శారద లేఖలు వ్రాసిన కనుపర్తి వరలక్ష్మమ్మగారు (1896–1978) ఆ యూరనే స్త్రీ హితైషిణీ మండలిని నెలకొల్పి, ఇంటిపని ముగిసిన పిదప చిక్కిన కొద్ది కాలములో స్త్రీలు ఎంత నేర్వవచ్చునో చూపిరి. గోంగూర యాకు త్రుంచుచునే ఒకరు పత్రిక చదువ, తక్కినవారు వినవచ్చును. అట్లు చేయు కచేరీలును లేకపోలేదు.

అయితే సోదరీమణులారా, కచేరీలో బల్లకు రెండు ప్రక్కలు కలవు. మన మింతవరకు లోపలి ప్రక్కనే చూచితిమి. బయటి ప్రక్కన కాలము గడచు తీరు వేరు.

రేపల్లె ప్రాంతమున ఒక కచేరీలో జరిగినది చెప్పెదము. కృష్ణ యొడ్డు పల్లె నుండి ఒక ముదుసలి కూలి మానుకొని ఆటోలో వచ్చినది. ఆమె వచ్చి నిలుచునప్పటికి కరెంటు పోయినది. "ఎప్పుడొచ్చుద్దమ్మా?" యని ఆమె అడిగినది. "ఏమో, మాకు మాత్రం ఏం తెలుసు మామ్మా, కూర్చో" అని లోపలివారు చెప్పిరి. వసారాలో నున్న ఒక్క బల్లయు నిండియుండుటచే ఆమె మెట్టుమీద కూర్చున్నది. పదునొకండు మొదలు మూడు గంటల వరకు అట్లే కూర్చున్నది. తెచ్చుకొన్న నీళ్లు అయిపోయినవి. ఊరనున్న మేకను ఎవరు తోలుకొని వత్తురో యని దిగులుపడినది. కొంగు పరచుకొని కొంతసేపు కునుకు తీసినది. మూడు దాటిన పిమ్మట పంకాలు తిరిగినవి. వరుసలో ఆమె వంతు వచ్చినది. గుమాస్తా కాగితములు చూచి, "మామ్మా, బ్యాంకు పుస్తకం నకలు లేదే? రేపు తీసుకురా" అని చెప్పినది.

ఆ గుమాస్తా చెడ్డది గాదు. ఆమె మాటలో కసరును లేదు. నకలు లేనిదే పని కాదనుట నిజమే. కాని ఆ కాగితములు చూచుటకు కరెంటు కావలెనా? పదునొకండు గంటలకే కిటికీ వెలుగున ఒకసారి తిరుగవేసియున్న, నకలు లేని సంగతి అప్పుడే తెలిసెడిది. ఆ ముదుసలి నాలుగు గంటలు మిగుల్చుకొని ఇల్లు చేరెడిది. పూట కూలియైన దక్కెడిది. యంత్ర మాగినది గాని ఆమె కాలము ఆగలేదు. లోపలివారికి విశ్రాంతియైన ఆ నాలుగు గంటలే ఆమెకు ఒకనాటి కూలియై, రేపటి ఆటో ఖర్చుతో కలిసి రెండైనది.

ఇట్టివి ఇతర కచేరీలలోను కలవు. మంచి గడియ చూచుకొని రిజిస్ట్రేషనునకు వచ్చినవారు సర్వరు రాకపోగా, ఆ గడియ దాటి రాహుకాలము ప్రవేశించుట చూచి ముఖములు చూచుకొందురు. అప్పుడు అమ్మువారు తొందరపడుదురు, కొనువారు మరునాటికి ఆగుదమందురు, సాక్షులకు మరల భోజనము పెట్టవలసివచ్చును. చెప్పుకొనిన నవ్వు వచ్చును గాని, కూతురి పెండ్లికని ఎకరము అమ్ముకొను తండ్రికి అది నవ్వు గాదు.

కావున కరెంటు పోయిన పూట కచేరీలో చేయదగిన పనులు కొన్ని చెప్పెదము. ఇవి మా కల్పనలు గావు; ఒద్దికగల కచేరీలలో నడచుచున్నవే. మొదటిది, దీపము మలిగిన వెంటనే వచ్చినవారి పేర్లు ఒక పుస్తకములో వరుసగా వ్రాసికొని, చేతికొక అంకె చీటి నిచ్చుట. చీటి చేతనున్నవాడు నీడకు బోయి కూర్చుండును, ఇంత తిని వచ్చును. వరుస పోవునను భయము లేదు. రెండవది, కాగితము లన్నియు అప్పుడే చూచి, లేనివి యేవో చెప్పుట. నకలు కావలసినవారు, ఫోటో కావలసినవారు కరెంటున్న మరియొక వీధికి బోయి తెచ్చుకొందురు. చదువురాని వారి అర్జీలు ఆ ఖాళీలో పూర్తిచేసి పెట్టుటకంటె మంచి కాలక్షేప మేమున్నది?

మూడవది, నిజము కనుగొని చెప్పుట. "ఏమో" యను మాట కచేరీ గోడలలో మిక్కిలి వినబడు మాట. ఒకరు సబ్‌స్టేషనుకు కబురు చేసి, పోయినది తీగ మరమ్మతుకా, ట్రాన్స్‌ఫార్మరుకా యని తెలిసికొనవచ్చును. ముందుగా ప్రకటించిన మరమ్మతు లైనచో వేళలు ఉదయపు పత్రికలోనే యుండును. సాయంత్రము వరకు రాదని తెలిసిన, ఆ మాట అప్పుడే చెప్పి దూరపువారిని పంపివేయుట దయ. నాలుగవది నీళ్లు. దీనిని మగవారు తలచరు. కరెంటు లేనిదే మోటారు తిరుగదు, మోటారు తిరుగనిదే మేడమీది తొట్టి నిండదు, తొట్టి యెండిన మరుగుదొడ్డిలో నీరుండదు. ఆ బాధ అందరికంటె ముందు స్త్రీలకే తగులును. ఉదయము రాగానే ఒక పెద్ద డ్రమ్ము నీరు నింపి మూతపెట్టుట, త్రాగుటకు ఒక కుండ వసారాలో నుంచుట ఎంత పని? నాలుగు తాటియాకు విసనకఱ్ఱలు కొని బల్లమీద నుంచిన ఇంకను మంచిది. మన తీరమున తాళ్లకు కొదువ లేదు.

ఇవి యన్నియు కలిసి గంట పనికి మించదు. తక్కిన కాలము గుమాస్తా సొంతము. అప్పుడామె గోంగూర త్రుంచుకొనవచ్చును, దండ కట్టుకొనవచ్చును, కన్ను మూసికొనవచ్చును. బయటివారి పని చక్కబెట్టి తీసికొన్న విశ్రాంతిని బయటివారును తప్పుపట్టరు.

ఇక ఇంటివారితో ఒక మాట. ఉద్యోగము చేయు కోడలు ఆలస్యముగా వచ్చిన సాయంత్రము, "పగలంతా కరెంటు లేదట గదా, ఊరికే కూర్చునే ఉన్నావుగా, ఇంతసేపేమిటి?" యను ప్రశ్న కొన్ని ఇండ్లలో వినబడుచున్నది. లెక్క చూడుడు. మూడు గంటలకు కరెంటు వచ్చినది. వసారాలో నలుబదిమంది కలరు. అందరి వ్రేలిముద్రలు, అందరి కాగితములు చూచి పంపవలెను. అయిదింటికి కచేరీ మూయవలసినది ఏడింటికి మూసిరి. ఆమె ఎప్పుడును ఎక్కు బండి వెళ్లిపోయినది. తరువాతి దానికై స్టేషనులో నిలిచినది. పగలు చిక్కిన విశ్రాంతి దానము గాదు, అప్పు. సాయంత్రమే అది తీర్చవలసివచ్చును, తరచు వడ్డీతో. పింఛను పంచు దినములలో సచివాలయపు పిల్లలు సిగ్నలు వెదకుచు మేడమెట్లెక్కుటయు, చెట్టుక్రిందికి, వీధి చివరకు యంత్రము పట్టుకొని నడచుటయు మీరు చూచియే యుందురు. ఆ పిల్లలును ఏదో యింటి కూతుళ్లే. ఆలస్యముగా వచ్చిననాడు అత్తగారు బియ్యము కడిగి పొయ్యి మీద పెట్టియుంచిన, భర్త పిల్లల చేత పాఠములు చదివించియుంచిన, ఆ కోడలు మరునాడు కచేరీలో ఎదుటివారిపై విసుగుకొనదు. ఇంటి యోర్పు కచేరీ దాక పోవును.

మనము అర్జీదారులమై పోవునప్పుడు పాటింపదగినవియు కొన్ని కలవు. పోవుటకు ముందు పత్రికలో కరెంటు నిలుపుదల ప్రకటన చూచుకొనుడు. ఆధారు, రేషనుకార్డు, బ్యాంకు పుస్తకముల నకళ్లు రెండేసి ఒక సంచిలో ఎల్లప్పుడు సిద్ధముగా నుంచుడు. చెమటకు, వానకు తడియకుండ వానిపై ఒక ప్లాస్టికు కవరు వేయుడు. నీళ్ల సీసా మరువకుడు. మీ పని కాకపోయినను, ప్రక్కన చదువురాని వృద్ధురాలు కూర్చున్న ఆమె కాగితములు ఒకసారి చూడుడు. "మామ్మా, నీకీ నకలు కావాలి, ఆ వీధిలో తీస్తారు" అని చెప్పుటకు ఉద్యోగము అక్కరలేదు, అక్షరము వచ్చిన చాలును. రేపల్లె మెట్టుమీది ఆ ముదుసలి చుట్టును ఆనాడు చదువుకొన్నవారు పదిమందియైన కూర్చుండియుందురు. లోపలి గుమాస్తాయే కాదు, వారిలో ఒక్కరైనను ఆ కాగితముల వంక చూడలేదు.

వచ్చు మాసమున చలికాలపు పచ్చళ్లను గూర్చి ముచ్చటించుకొందము. మీ యూరి కచేరీలో కరెంటు లేని పూట ఎట్లు గడచుచున్నదో మాకు వ్రాయుడు. మంచి పద్ధతి యేదైన కనబడిన తప్పక వ్రాయుడు. ఆ కచేరీ పేరు సంతోషముగా ప్రకటింతుము.